మూడున్నరేళ్ల పాపను నర్సరీకి పంపాలా, అంగన్‌వాడీకా? బయటి దేశాల పరిశోధనలు మన పిల్లలకు పనికొస్తాయా?

హన్మకొండ నాన్న

అందరికీ నమస్కారం. మా పాపకు మూడున్నరేళ్లు. కాలనీలో ఉన్న ప్రైవేటు స్కూల్లో నర్సరీ గురించి అడిగితే, కొన్ని నెలల్లోనే ఏబీసీడీలు మొత్తం రాయిస్తామని, రోజూ హోంవర్క్ ఉంటుందని చెప్పారు. మా వెనక వీధిలో అంగన్‌వాడీ ఉంది. అక్కడ పిల్లలు పాటలు పాడుతున్నారు, ఆడుకుంటున్నారు, మధ్యాహ్నం అన్నం తిని పడుకుంటున్నారు. ఇంట్లో అందరూ స్కూలే మేలంటున్నారు. అంత లేత వేళ్లకు ఇప్పటినుంచే పెన్సిల్ ఇచ్చి లైన్లు లైన్లు రాయించడం మంచిదేనా అని నాకు బెంగగా ఉంది.

చిన్నపిల్లల చదువు మీద వేరే దేశాల్లో ఏళ్ల తరబడి జరిగిన అధ్యయనాల గురించి ఈ మధ్య చదువుతున్నాను. అమెరికాలోని పెర్రీ ప్రీస్కూల్ పేరు ఎక్కడ చూసినా కనిపిస్తోంది. అక్కడి సంగతులు మన వరంగల్ పిల్లలకు ఎంతవరకు వర్తిస్తాయి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

విద్యాశాస్త్ర విద్యార్థిని

అన్నా, పెర్రీ పేరు అందరూ చెబుతారు గానీ అక్కడ పిల్లలతో రోజూ ఏం చేశారో తక్కువమంది చెబుతారు. అందుకే దానితోనే మొదలుపెడతాను.

ఇది 1962 నుంచి 1967 వరకు మిషిగన్ రాష్ట్రంలోని ఇప్సిలాంటి అనే ఊళ్లో జరిగింది. బీద నల్లజాతి కుటుంబాల పిల్లలు 123 మంది. వాళ్లలో 58 మందిని చిన్న వయసులోనే ప్రీస్కూల్లో చేర్చుకున్నారు, 65 మందిని చేర్చుకోలేదు. ఎవరు ఏ గుంపులోకి వెళ్లాలన్నది లాటరీ లాంటి పద్ధతిలో తేల్చారు. ఆ తర్వాత వాళ్లకు 40 ఏళ్లు వచ్చేదాకా రెండు గుంపులనూ గమనించారు. మొదట్లో పెరిగిన ఐక్యూ తేడా పదేళ్ల వయసు వచ్చేసరికి దాదాపు పోయింది. అయినా ప్రీస్కూల్‌కు వెళ్లినవాళ్లలో ఎక్కువమంది హైస్కూల్ పూర్తి చేశారు, ఎక్కువ సంపాదించారు. 40 ఏళ్లు వచ్చేసరికి ఐదుసార్లు లేదా అంతకంటే ఎక్కువసార్లు అరెస్టయినవాళ్లు ప్రీస్కూల్ లేని గుంపులో 55 శాతం ఉంటే, వెళ్లిన గుంపులో 36 శాతమే. నోబెల్ అందుకున్న ఆర్థికవేత్త జేమ్స్ హెక్‌మన్ బృందం లెక్క ప్రకారం, పెట్టిన ఖర్చుకు ఏడాదికి 7 నుంచి 10 శాతం చొప్పున సమాజానికి తిరిగి వచ్చింది.

ఇంతకీ అక్కడ జరిగిందేమిటి? రోజుకు రెండున్నర గంటల బడి. ఒక్కో టీచర్‌కు ఐదారుగురు పిల్లలు. ఈరోజు ఏం చేయాలో పిల్లలే అనుకుంటారు, చేస్తారు, చేసింది టీచర్‌కు చెప్పుకుంటారు. వారానికోసారి టీచరే ఒక్కో పిల్ల ఇంటికి వెళ్లి గంటన్నర సేపు తల్లితో, పిల్లతో కూర్చునేది. నన్నడిగితే అసలు విషయం ఆ గంటన్నరలోనే ఉంది. ఫలితాలు చెప్పేటప్పుడు ఆ భాగాన్ని చాలామంది వదిలేస్తారు.

కరీంనగర్ ఇంజినీర్

మేడమ్, 123 మంది పిల్లలు, అరవై ఏళ్ల కిందటి సంగతి, అదీ అమెరికాలో. దాన్ని పట్టుకుని మనం నిర్ణయాలు తీసుకోలేం కదా. మా బాబు ఎల్‌కేజీలో ఉన్నాడు. రేపు ఒకటో తరగతిలో సీటు ఇచ్చేటప్పుడు టెస్ట్ పెడతారు. పక్కింటి పిల్లవాడు చదివి, మనవాడు దిక్కులు చూస్తే ఆ టెన్షన్ ఎవరిది? ఊళ్లో కూలి చేసుకునేవాళ్లు కూడా అప్పు తెచ్చి ఇంగ్లిష్ మీడియానికి పంపుతున్నారు. పిల్లల బాగు కోరే పంపుతున్నారు, వాళ్లను తప్పు పట్టలేం.

విద్యాశాస్త్ర విద్యార్థిని

సార్, వాళ్లను తప్పు పట్టడం లేదు. పెర్రీ చిన్న అధ్యయనం అన్న మీ మాట కూడా సరైనదే. అందుకే పెద్దది ఒకటి చెబుతాను, దాని ఫలితం కూడా వేరుగా ఉంటుంది. అమెరికాలోనే టెనెసీ రాష్ట్రంలో దాదాపు 3,000 మంది బీద పిల్లల మీద వాండర్‌బిల్ట్ యూనివర్సిటీవాళ్లు చేశారు. ప్రభుత్వ ప్రీస్కూళ్లలో సీట్ల కంటే దరఖాస్తులు ఎక్కువ వచ్చినచోట లాటరీ తీశారు. సీటు వచ్చిన పిల్లలు ఆ ఏడాది చివరికి ముందున్నారు. మూడో తరగతికి వచ్చేసరికి ఆ లాభం లేకుండా పోయింది. 2022లో వచ్చిన ఆరో తరగతి ఫలితాల్లో, సీటు రానివాళ్ల కంటే సీటు వచ్చినవాళ్లే పరీక్షల్లో వెనకబడ్డారు, క్రమశిక్షణ ఫిర్యాదులు కూడా వాళ్ల మీదే ఎక్కువ. కారణం ఏమిటన్నదానిపై ఇంకా వాదన నడుస్తోంది. కానీ ప్రీస్కూల్‌కు పంపితే చాలు, ఎలాంటిదైనా మేలే అనే ధీమాకు మాత్రం ఇది గట్టి దెబ్బ.

ఇక మన దగ్గరి సంగతి. మీ కరీంనగర్ జిల్లా పిల్లలే ఒక అంతర్జాతీయ అధ్యయనంలో ఉన్నారు. యంగ్ లైవ్స్ అని, 2002లో ఇథియోపియా, పెరూ, వియత్నాంతోపాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది. ఇక్కడ దాదాపు 3,000 మంది పిల్లలను ఏళ్ల తరబడి కలుస్తూ వచ్చారు. ఉన్నవాళ్ల పిల్లలకు, లేనివాళ్ల పిల్లలకు మధ్య తేడా ఐదేళ్లకే, వాళ్లకు అర్థమయ్యే మాటల్లోనే కనిపించింది. ఒకటో తరగతి టీచర్ చేతికి వచ్చేలోపే పిల్లలు వేర్వేరు మెట్ల మీద ఉంటున్నారన్నమాట.

ఇంకొకటి 2011 నుంచి 2016 వరకు తెలంగాణ, రాజస్థాన్, అస్సాంలలో జరిగింది. ఢిల్లీ అంబేద్కర్ యూనివర్సిటీ, పిల్లల చదువు మీద సర్వేలు చేసే అసర్ సెంటర్ కలిసి 14,000 మంది నాలుగేళ్ల పిల్లలతో మొదలుపెట్టారు. అంగన్‌వాడీలో ఆటపాటలకు దొరికే సమయం తక్కువ. ప్రైవేటులో రాత, బట్టీ ఎక్కువ. ఐదేళ్లకు ఒకటో తరగతికి సిద్ధంగా ఉన్న పిల్లలు రెండుచోట్లా తక్కువే. డబ్బు కట్టినంత మాత్రాన ఈ వయసుకు తగిన చదువు దొరుకుతుందన్న హామీ లేదు సార్.

అంగన్‌వాడీ టీచర్, నర్సంపేట

ఇక్కడ నా మాట కూడా చెప్పాలి. అంగన్‌వాడీలో చదువు తక్కువ అన్నారు, నిజమే. ఎందుకు తక్కువో కూడా వినండి.

పొద్దున్నే పిల్లలు వస్తారు. ప్రార్థన, పాట, ఒక కథ అయ్యేసరికి గర్భిణులు, బాలింతలు వస్తారు. ఆరోగ్య లక్ష్మి కింద వాళ్లకు అన్నం, గుడ్డు, పాలు సెంటర్‌లోనే పెట్టాలి, తిన్నారో లేదో చూడాలి. చిన్నపిల్లలకు బాలామృతం ప్యాకెట్లు ఇవ్వాలి. బరువు తూచాలి, ఎత్తు కొలవాలి. అన్నీ ఫోన్‌లో పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎక్కించాలి. సిగ్నల్ లేకపోతే ఫోన్ పట్టుకుని బయట నిలబడాలి. సర్వేలు మామీదే, ఓటరు లిస్టు పని కూడా చాలామంది మీద ఉంది. ఆయమ్మ సెలవు పెడితే వంట కూడా నేనే. అప్పుడు పిల్లలు రంగు పూసలు ముందేసుకుని కూర్చుంటారు, నేను గంటె పట్టుకుని ఉంటాను.

పిల్లలతో కథ చెప్పించడం నాకు రాదని కాదు. చింతగింజలతో లెక్కలు, ఆకులతో ఆకారాలు, సంచిలో వస్తువు పెట్టి తడిమి చెప్పే ఆట, అన్నీ చేయిస్తాను. ఒక పిల్ల మాట అందుకుని ఆ మాట మీద ఇంకో మాట అడిగేంత తీరిక ఉండదు.

విద్యాశాస్త్ర విద్యార్థిని

అక్కా, మీరు చెప్పిన ఈ తీరిక మీదే తమిళనాడులో పెద్ద ప్రయోగం జరిగింది. కార్తీక్ మురళీధరన్, అలెహాండ్రో గనిమియన్, క్రిస్టఫర్ వాల్టర్స్ అనే ఆర్థికవేత్తలు చేశారు. 320 అంగన్‌వాడీలు తీసుకుని సగం సెంటర్లలో అదనంగా ఒక మహిళను, అదే ప్రాంతం మనిషిని, పూట పనికి పెట్టారు. పిల్లల చదువు, ఆటపాటలు మాత్రమే ఆమె పని. పెద్ద డిగ్రీలు అడగలేదు, శిక్షణ కూడా కొద్ది రోజులే.

ఆ సెంటర్లలో ప్రీస్కూల్ సమయం రెట్టింపయింది. ఏడాదిన్నర తర్వాత చూస్తే భాషలో, లెక్కల్లో పిల్లలు మిగతా సెంటర్ల కంటే బాగా ముందున్నారు. అంతేకాదు, వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు, తీవ్ర పోషకాహార లోపం ఉన్న పిల్లలు కూడా ఆ సెంటర్లలో తగ్గారు. పాత టీచర్‌కు పోషణ పని చూసుకునే సమయం దొరికింది కాబట్టి. ఖర్చు కంటే లాభం ఎన్నో రెట్లు ఎక్కువని తేలింది.

అన్ని పరిశోధనల్లోనూ నాకు ఇది చాలా దగ్గరగా అనిపిస్తుంది. కొత్త భవనం కాదు, టీవీ కాదు, ట్యాబ్ కాదు. పిల్లల కోసమే కూర్చునే ఇంకో మనిషి.

అంగన్‌వాడీ టీచర్, నర్సంపేట

చదువుతుంటే కళ్లు చెమర్చాయి తల్లీ. మా సెక్టార్ మీటింగ్‌లో ఇది చదివి వినిపిస్తాను. మేము అడిగితే పని తప్పించుకోవడానికి అంటున్నారు అనుకుంటారు. పరిశోధనే చెబుతోందంటే వింటారేమో.

ఏఎన్ఎం, జనగామ వైపు

పోషణ మాట వచ్చింది కాబట్టి నేనూ ఒకటి చెబుతాను. ట్రైనింగ్‌లో జమైకా గురించి చెప్పారు. 1980లలో కింగ్‌స్టన్ బీదల బస్తీల్లో ఎదుగుదల ఆగిన 129 మంది పిల్లలను తీసుకున్నారు, అందరూ 9 నుంచి 24 నెలల వయసువాళ్లు. శాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ అనే డాక్టర్ నడిపారు. కొందరికి పాల పొడి ఆహారం ఇచ్చారు. కొందరి ఇంటికి ఆరోగ్య కార్యకర్తలు వారానికి ఒక గంట వెళ్లి, పిల్లతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో తల్లికి చేసి చూపించారు. కొందరికి రెండూ. ఇంకొందరికి ఏదీ లేదు. ఇలా రెండేళ్లు. బొమ్మలు ఖాళీ డబ్బాలు, సీసాలు, గుడ్డముక్కలతో చేసినవే.

20 ఏళ్ల తర్వాత చూస్తే ఆటలు అందిన పిల్లల సంపాదన మిగతావాళ్ల కంటే 25 శాతం ఎక్కువ. ఆహారం ఒక్కటే అందినవాళ్లలో అంత కాలం నిలిచిన తేడా కనిపించలేదు.

దీన్ని బట్టి ఆహారం అక్కర్లేదని ఎవరూ అనుకోవద్దు. కడుపు నిండని పిల్లకు ఆట ఎక్కదు. కానీ మా పనిలో మేము బరువు తూచి, ఎర్ర గీతలో ఉంటే ప్యాకెట్ ఇచ్చి, వచ్చేస్తున్నాం. తల్లి పిల్లతో ఎంతసేపు మాట్లాడుతోందో ఎప్పుడూ అడగం, ఆ కాలమ్ మా రిజిస్టర్‌లో లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్, ప్రపంచ బ్యాంకు 2018లో ఇచ్చిన పద్ధతిలో ఆరోగ్యం, పోషణ, భద్రతలతోపాటు పిల్ల సైగకు బదులివ్వడం, నేర్చుకునే అవకాశం కూడా సమానంగా ఉన్నాయి.

విద్యాశాస్త్ర విద్యార్థిని

ఒడిశా పల్లెల్లో కూడా జమైకా పద్ధతినే తెచ్చి చూశారు మేడమ్. ఇంటింటికీ వెళ్లినా, తల్లులను ఒకచోట కూర్చోబెట్టి నేర్పినా పిల్లల తెలివి ఎదుగుదలలో దాదాపు ఒకే లాభం వచ్చింది. కలిపి కూర్చోబెడితే ఖర్చు తక్కువ. మన దగ్గర మహిళా సంఘాల మీటింగ్‌లు ఎలాగూ జరుగుతాయి కదా.

జగిత్యాల అమ్మ

మా ఆయన దుబాయ్‌లో ఉంటారు. నేను బీడీలు చేస్తాను. రోజంతా చేట ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి, లెక్క తగ్గితే కూలి తగ్గుతుంది. బాబుకు రెండేళ్లు దాటాయి. ఏడిస్తే ఫోన్ ఇస్తాను, ఊరుకుంటాడు. మాటలు ఇంకా సరిగ్గా రాలేదు. ఇవన్నీ చదువుతుంటే భయమేస్తోంది. చదువుకున్న తల్లులు చేసేవి మాలాంటివాళ్లం ఎక్కడ చేయగలం?

విద్యాశాస్త్ర విద్యార్థిని

అక్కా, ముందు భయం తీసేయండి. ఇంగ్లండ్‌లో 1997లో మొదలై 3,000 మంది పిల్లలను చాలా ఏళ్లు చూసిన ఒక అధ్యయనం ఉంది, ఈపీపీఈ అంటారు. తల్లిదండ్రులు ఏం చదివారు, ఏం ఉద్యోగం చేస్తారు అన్నదానికంటే ఇంట్లో పిల్లతో ఏం చేస్తారు అన్నదే ముఖ్యమని వాళ్లు తేల్చారు. కథ చెప్పడం, పాట పాడటం, బయటికి తీసుకెళ్లి చూపించడం, బొమ్మలు గీయనివ్వడం, ఇలాంటివే వాళ్లు లెక్కలోకి తీసుకున్నారు.

మీ చేతులు బీడీల మీద ఉన్నా నోరు ఖాళీయే కదా. ఆకు కత్తిరిస్తూ చెప్పండి: ఇది పెద్దాకు, ఇది చిన్నాకు, ఇది చిరిగింది, దారం ఏ రంగు? వాడు ఏదో శబ్దం చేస్తే అది మాటే అనుకుని బదులివ్వండి. మళ్లీ వాడి వంతు వచ్చేదాకా ఆగండి. హార్వర్డ్‌లో చిన్నపిల్లల ఎదుగుదల కేంద్రంవాళ్లు మెదడు కట్టడానికి పునాది అని చెప్పేది ఈ మాట ఇచ్చిపుచ్చుకోవడాన్నే. తంబాకు మాత్రం వాడికి అందనివ్వకండి, ఆ దుమ్ము పిల్లకు మంచిది కాదు.

ఫోన్ సంగతికి వస్తే, రెండేళ్లలోపు స్క్రీన్ వద్దు, రెండు నుంచి నాలుగేళ్ల వరకు రోజుకు గంట దాటొద్దు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. తగ్గితే ఇంకా మంచిది. ఆయన వీడియో కాల్ చేసినప్పుడు బాబుతో మాట్లాడించండి, దాన్ని ఆ లెక్కలో వేసుకోకండి.

ఏఎన్ఎం, జనగామ వైపు

చెల్లీ, ఇంకో మాట. రెండేళ్లు దాటినా రెండు మాటలు కలిపి అనకపోతే ఒకసారి చెవి పరీక్ష చేయించండి. జిల్లా ఆసుపత్రిలో పిల్లల ఎదుగుదల చూసే డీఈఐసీ ఉంటుంది, మీ ఆశాను అడిగితే దారి చెబుతుంది. తప్పంతా ఫోన్‌దే అనుకుని ఆలస్యం చేయొద్దు.

ఉట్నూర్ మాస్టారు

ఇంతసేపూ తెలుగు, ఇంగ్లిష్ మాటే నడిచింది. మా వైపు గూడేల్లో పిల్ల గోండిలో మాట్లాడుతుంది, కొన్నిచోట్ల కోలామిలో. అంగన్‌వాడీలో తెలుగు పాటలు. మొదటి నెలలు ఆ పిల్లలు నోరు తెరవరు. మొద్దు అనుకుంటాం. ఇంట్లో అదే పిల్ల మేకల పేర్లన్నీ చెప్పి, వాటి గురించి కథలు అల్లుతుంది.

న్యూజిలాండ్‌లో మావోరీలు తమ భాష పోతోందని 1982లో కోహంగ రెయో అనే భాషా గూళ్లు మొదలుపెట్టారు. పెద్దవాళ్లు, అమ్మమ్మలు, తాతలు వచ్చి పసిపిల్లలతో మావోరీలోనే మాట్లాడతారు, పాడతారు, వండుతారు. 1996లో ఆ దేశం తెచ్చిన పసిపిల్లల పాఠ్యప్రణాళిక తె ఫారికిలో మావోరీ ఆలోచనకు పునాదిలోనే చోటు దొరికింది. మన దగ్గర కూడా ప్రయత్నం జరగలేదని కాదు. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో గోండి, కోలామి, కోయ, బంజారా వంటి భాషల్లో ప్రాథమిక తరగతుల వాచకాలు తయారయ్యాయి. కానీ బడికి ముందు వయసులో, అంటే భాష చాలా ముఖ్యమైన వయసులో, ఆ పని చేయాలి. అందుకు పుస్తకం కూడా అక్కర్లేదు. గూడెంలో కథ చెప్పే అవ్వ ఉంటుంది. ఆమెను వారానికి రెండుసార్లు సెంటర్‌కు పిలిచి, ఆమె సమయానికి కొంత డబ్బు ఇస్తే చాలు.

కరీంనగర్ ఇంజినీర్

మాస్టారూ, ఇది బాగుంది. మా ఇంట్లో బాబుతో మేమే కావాలని ఇంగ్లిష్‌లో మాట్లాడుతున్నాం, మా అమ్మ అందుకే వాడితో మాట్లాడటం తగ్గించింది. ఆ సంగతి ఆలోచిస్తాను. కానీ రాత గురించి నా సందేహం అలాగే ఉంది. ఫిన్లాండ్‌లో ఏడేళ్లకు బడి అంటారు. వాళ్ల భాషలో ఎలా పలికితే అలాగే రాస్తారు, అక్షరాలు కూడా తక్కువే. మనకు గుణింతాలు, ఒత్తులు ఉన్నాయి. ఆలస్యంగా మొదలుపెడితే ఎప్పటికి వస్తాయి?

విద్యాశాస్త్ర విద్యార్థిని

చాలా మంచి ప్రశ్న సార్. కన్నడ పిల్లల మీద సోనాలి నాగ్ చేసిన పరిశోధన ఇక్కడ పనికొస్తుంది, కన్నడ లిపి మనదానికి బాగా దగ్గర. మన లిపుల్లో గుర్తుల సంఖ్య ఎక్కువ కాబట్టి అన్నీ పట్టుబడటానికి నాలుగో తరగతి వరకు, ఒక్కోసారి ఆ పైన కూడా పడుతుందని ఆమె చూపించారు. అంటే ఇది నిదానంగా సాగే పని. నర్సరీలో ముగించాలన్న తొందరకు అర్థం లేదు. ఈ వయసులో కావాల్సింది శబ్దాలు విడదీసి వినే చెవి, చాలా మాటలు, వేళ్లలో పట్టు. ‘క’తో మొదలయ్యే వస్తువులు వెతకడం, చప్పట్లు కొడుతూ ‘క-మ-ల’ అని విడగొట్టడం, మట్టి పిసకడం, ముగ్గు చుక్కలు పెట్టడం, పప్పులో రాళ్లు ఏరడం, అన్నీ రాతకు సిద్ధం చేసేవే. ఫిన్లాండ్‌లో కూడా ఏడేళ్ల దాకా ఊరికే ఉంచరు. ఆరేళ్లప్పుడు ఒక ఏడాది ప్రీ ప్రైమరీ 2015 నుంచి తప్పనిసరి.

స్కూల్ కరస్పాండెంట్, హుజూరాబాద్

మావైపు ఇబ్బంది కూడా వినండి. నర్సరీలో రాత తగ్గిస్తే, నోట్‌బుక్ ఖాళీగా ఉందేమిటని తల్లిదండ్రులు అడుగుతారు. పక్క స్కూల్లో పేజీలు నిండుతున్నాయి అంటారు. ఫీజు కట్టేవాళ్లు వాళ్లు, కాదంటే పిల్లను మార్చేస్తారు. ఇక మా టీచర్లకు చిన్నపిల్లల మీద ట్రైనింగ్ లేదు, డిగ్రీ అయ్యాక వచ్చి చేరినవాళ్లే ఎక్కువ. జీతాలు తక్కువ కాబట్టి ఏడాదికే మారిపోతారు. టీచర్లు మంచివాళ్లే, వాళ్లకు ఎవరూ నేర్పలేదు.

మా దగ్గర ఈ ఏడాది ఒక పని చేస్తున్నాం. శనివారం తల్లులను క్లాసులో కూర్చోమంటున్నాం. పిల్లలు దుకాణం ఆట ఆడుతూ, పది రూపాయలకు ఎన్ని బిస్కెట్లు వస్తాయో వాదించుకోవడం కళ్లారా చూసినవాళ్లు నోట్‌బుక్ గురించి అడగడం తగ్గించారు. రానివాళ్లు ఇంకా అడుగుతున్నారు.

హన్మకొండ నాన్న

అందరికీ చాలా థ్యాంక్స్. ఇంత వివరంగా చెబుతారని అనుకోలేదు. ఒక్కటి తేల్చండి. నేను రెండు చోట్లకూ వెళ్లి కాసేపు కూర్చుంటే ఏం చూడాలి? మొదటి చూపులో స్కూలు రంగురంగులుగా ఉంటుంది, అంగన్‌వాడీ గది ఇరుకు. దాన్ని బట్టి మోసపోకూడదు కదా.

విద్యాశాస్త్ర విద్యార్థిని

గోడల సంగతి వదిలేయండి అన్నా, చెవులు వాడండి. గదిలో ఎవరి గొంతు ఎక్కువ వినిపిస్తోంది? టీచర్ ఒక్కరే మాట్లాడి పిల్లలు కోరస్‌గా అంటుంటే ఒక లెక్క, ఒక్కో పిల్ల ఏదో చెబుతుంటే టీచర్ ఒంగి విని ‘మరి అప్పుడేమైంది?’ అని అడుగుతుంటే ఇంకో లెక్క. ఇంగ్లండ్ అధ్యయనంలో మంచి ఫలితాలు వచ్చిన కేంద్రాల్లో ఇలాగే టీచర్, పిల్ల కలిసి ఒకే విషయాన్ని కాసేపు ఆలోచించడం ఎక్కువగా కనిపించింది. పిల్ల ఏడిస్తే ఎవరు దగ్గరికి తీసుకుంటున్నారు, కొట్టడం, బెదిరించడం ఉందా, బొమ్మలు చేతికందే ఎత్తులో ఉన్నాయా లేక బీరువా మీదనా, ఒక్క టీచర్‌కు ఎంతమంది, ఎంతసేపు కదలకుండా కూర్చోబెడుతున్నారు అని చూడండి. రోజంతా ఉంచాలనే పట్టుదల కూడా అక్కర్లేదు, అదే అధ్యయనంలో పూట బడికీ రోజంతా బడికీ ఫలితంలో తేడా రాలేదు. 2020 జాతీయ విద్యా విధానం ప్రకారం ఒకటో తరగతి ఆరేళ్లు నిండాకే. మీ పాపకు ఇంకా రెండున్నరేళ్ల సమయం ఉంది.

అంగన్‌వాడీ టీచర్, నర్సంపేట

తమ్ముడూ, ప్రతి సెంటర్‌లో నెలకోసారి ఈసీసీఈ డే, అంటే చిన్నపిల్లల సంరక్షణ, చదువుల రోజు, చేయాలని ఉంది, ఆ రోజు తల్లిదండ్రులు వచ్చి పిల్లలు చేసినవి చూడొచ్చు. మీ వెనక వీధి టీచర్‌ను ఆ తేదీ అడగండి. అది పండగలా సాగే రోజు కాబట్టి, ఇంకో మామూలు రోజు కూడా పొద్దున పూట వెళ్లండి. అన్నం వేళకు వెళ్తే ఆమె వడ్డనలో ఉంటుంది, మీతో మాట్లాడలేదు. పాపను, వీలైతే స్కూలే మేలంటున్న మీ ఇంటి పెద్దవాళ్లలో ఒకరిని కూడా వెంట తీసుకెళ్లండి.